మెక్కెజొన్న లేని మెక్కెజొన్న రొయ్యలు

అనంతపురం జిల్లాకు సముద్రాన్ని తెచ్చినవాణ్ణి నేను. కాదనేవాళ్ళుంటే రమ్మనండి. అరచెయ్యంత పచ్చి రొయ్యలు మంచుగడ్డల పెట్టెలో మద్రాసు నుంచి రైలెక్కి కదిరిలో దిగేవి. నేను బండి కట్టుకొని స్టేషనుకు పోయి దించుకొచ్చేవాణ్ణి. మా తోటలో మెక్సికో దేశపు పద్ధతిలో వాటిని వండుతుంటే ఆ ఘాటుకు పుట్టపర్తి బస్సు మా మలుపులో తనంతట తానే ఆగిపోయేది. డ్రైవరు దిగేవాడు, కండక్టరు దిగేవాడు. వాళ్ళ వెనక యాభైమంది తెల్లవాళ్ళు విస్తరాకులు పట్టుకొని మా చీనీ చెట్ల కింద వరస కట్టేవాళ్ళు.

ఇది నేను చాలాచోట్ల చెప్పాను. టీ కొట్లలో చెప్పాను, పెళ్ళి పందిళ్ళలో చెప్పాను. ఒకసారి ఆసుపత్రిలో చేతికి సూది పెట్టించుకొని పడుకొని, పక్క మంచం మీదున్న పెద్దాయనకు చెప్పాను. ఆయన ఒక్కడే నమ్మాడు. మరుసటి రోజు పోయాడు.

నోటితో చెప్పే అబద్ధం చెప్పినచోటే ఆవిరైపోతుంది. కాగితం మీద పెడితే పొద్దున లేచి చూసినా అక్కడే ఉంటుంది. అందుకని కొంత తగ్గించుకుంటాను. రొయ్యలు అరచెయ్యంత కాదు, చిటికెన వేలి గోరంత. పచ్చివి కాదు, ఎండువి. మద్రాసు నుంచి కాదు, కదిరి సంతలో గోనెపట్ట మీద కుప్ప పోసుకొని కూర్చునే నెల్లూరు ఆమె దగ్గర నుంచి. బస్సు మా మలుపులో ఆగేది, ఎందుకంటే అక్కడ అది ఎప్పుడూ ఆగుతుంది. యాభైమంది తెల్లవాళ్ళు కాదు, ఒక్కతే ఆడమనిషి. ఆమె కూడా తెల్లగా ఏమీ లేదు, మా రంగే.

ఇవన్నీ పెంచి చెప్పినవి, తగ్గిస్తే సరిపోతుంది. ఒక్క సంగతి మాత్రం పెంచలేదు, తగ్గించలేదు, అసలు ఎవరికీ చెప్పలేదు. అది మా ఆఖరి చీనీ చెట్టు సంగతి. దానికోసమే ఈ కాగితాలు ముందు వేసుకున్నాను.

చీనీ అంటే కోస్తావాళ్ళు బత్తాయి అనే కాయ. తొంభైల చివర్లో కదిరి నుంచి పుట్టపర్తికి పోయే దోవలో మాకు చీనీ తోట ఉండేది. ఐదు వందల చెట్లని చెప్పుకునేవాణ్ణి. నూట ఎనభై. తోటలోనే రెండు గదుల ఇల్లు. నేనూ, మా ఆవిడా. కాయలు మండీకి లారీలో పోయేవి. లారీవాడు వద్దని పక్కకు నెట్టిన చిన్న కాయల్ని నేను గంపలో వేసుకొని, బస్సు మీద పుట్టపర్తికి తీసుకుపోయి, వీధి పక్కన కూర్చొని అమ్మేవాణ్ణి. ఆ ఊరికి దేశదేశాల మనుషులు వస్తారు కదా, వాళ్ళకు చిన్నాపెద్దా తేడా లేదు.

అట్లా కూర్చున్న ఒక పూట ఒక ఆడమనిషి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. రెండు జడలు, నూలు చీర, కాళ్ళకు రబ్బరు చెప్పులు. రెండు కాయలు తీసుకొని, అక్కడే గట్టు మీద కూర్చొని, ఒకదాన్ని చాకుతో నిలువుగా కోసింది. సంచిలోంచి పొట్లం తీసి దాని మీద ఏదో చల్లింది. ఎర్రగా ఉంది. కారప్పొడి! ఉప్పూ కారమూ!

జామకాయకు కారం తెలుసు, మామిడికి తెలుసు, చింతకాయకు తెలుసు. చీనీ తొన మీద కారం చల్లుకొని తినే మనిషిని నేను అంతవరకూ చూడలేదు. నోరు తెరుచుకొని చూస్తున్నానేమో, ఒక తొన నాకిచ్చింది. అన్నేళ్ళుగా నేను పండించిన కాయే. అది నాకు తెలియని కాయలాగా ఉంది.

ఏ దేశమని అడిగితే మెక్సికో అంది. ఇంటికి వచ్చి మా ఆవిడతో చెప్పాను.

"ఏ దేశమంటివి? మెక్కెజొన్నా?"

"మెక్కెజొన్న గాదుమే, మెక్సికో."

"అదే. మెక్కెజొన్న దేశం. దానిగ్గూడా ఒగ దేశముండాదా?"

మా ప్రాంతం కన్నడ దేశానికి ఆనుకొని ఉంటుంది. మొక్కజొన్నను మేం మెక్కెజొన్న అంటాం. ఎన్నిసార్లు సరిదిద్దినా మా ఆవిడ నాలుక ఆ దేశం పేరు దగ్గరికొచ్చేసరికి మెక్కెజొన్న వైపే తిరిగేది. తరువాతెప్పుడో ఆ వచ్చినామే మట్టిలో పుల్లతో కంకి బొమ్మ గీసి, తమ దేశంలో అన్నమన్నా రొట్టె అన్నా అన్నీ అదేనని చేతులతో చెప్పింది. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. "చూస్తివా? చదువుకున్నోనివి, నువ్వే తప్పు జెప్పినావు."

ఆమె మా తోట చూడటానికి వచ్చింది, ఆ మలుపులో ఆగే బస్సులోనే. మా ఆవిడ పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతోంది. పెనం మీది నుంచి తీసి ఒకటి చేతికిస్తే, ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకొని మొహం దగ్గర పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా ఆవిడ పొగ తగిలిందనుకొని పొయ్యిలోంచి ఒక కట్టె వెనక్కి లాగింది.

ఆ తరువాత ఆమె కళ్ళు దూలానికి వేలాడుతున్న గుడ్డమూట మీద పడ్డాయి. వాసనతోనే పట్టేసింది. ఎండు రొయ్యలు. ఆమె దిగిన చోట నీచు వండటానికి లేదు. అది అక్కడి పద్ధతి, ఆమె కూడా దాన్ని గౌరవించేది. కానీ తల్లి చేతి వంట గుర్తుకొస్తే మనిషి ఏం చేస్తుంది? మా తోటలో అడిగేవాళ్ళు లేరు.

ఆ దేశపు భాషలో ఆమెతో నేను గంటలకొద్దీ మాట్లాడేవాణ్ణని చెప్పుకున్న మాట కూడా ఉంది. ఆమెకు వచ్చిన ఇంగ్లీషు పది మాటలు, నాకు ఎనిమిది. మా ఆవిడకు ఒక్క మాటా రాదు. ముగ్గురిలో ఎక్కువ అర్థమైంది మా ఆవిడకే.

ఆమె ఎట్లా వండిందో చెబుతాను, ఇందులో మాత్రం పెంపు లేదు. రొయ్యల తలలూ తోకలూ గిల్లి, వట్టి పెనం మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించింది. నీళ్ళలో నానబెట్టి, ఇసుకా ఉప్పూ పోయేదాకా నాలుగు నీళ్ళు మార్చి కడిగింది. టమోటాలు, వెల్లుల్లి, ఉల్లిగడ్డ పొట్టుతోనే నిప్పుల మీద కాల్చింది. ఎండుమిరపకాయలు గింజలు దులిపి వేయించి నానబెట్టింది. వేరుశనగ విత్తనాలు వేయించింది. అన్నీ రోట్లో వేసి మెత్తగా నూరింది. పులుపుకు చింతపండు ఇవ్వబోతే వద్దని తోటలోకి పోయింది.

మా ఆవిడ వెనకే పరిగెత్తింది. "ఓ తల్లీ, అవి పచ్చివి! వగరు, పులుపు, నోట్లో పెట్టేకి గాదు. పండువి ఈడుండాయి సూడు!"

ఆమె గోలీకాయ కంటే కొంచెం పెద్దవైన పచ్చి చీనీలు నాలుగు కోసి, ఒకదాన్ని కొరికి తల ఊపింది. వాళ్ళ దేశంలో కూరలో పిండుకునే పుల్లనారింజ ఒకటుందట. దానికి దగ్గరగా వచ్చేది మా పచ్చి చీనీయేనట. ఆ రసం నూరిన ముద్దలో పిండి, పలచగా చేసి, నూనెలో ఉడికించి, రొయ్యలు వేసింది. దించాక కొత్తిమీర చల్లింది. జొన్నరొట్టెను మధ్యకు మడిచి అందులో నింపి చేతికిచ్చింది.

మా ఆవిడ తిని, నములుతూ ఆలోచించి, మా వైపు రోట్లో నూరుకునే పచ్చడితో పోల్చి తీర్పు చెప్పింది. "ఇది మన శెనక్కాయల ఊరిబిండే గదా. దీన్ని నేర్పేకి ఇమానమెక్కి రావల్నా?" అని, మిగిలిన రొట్టె ముక్కతో సట్టి అంచు చుట్టూ తుడుచుకొని తినింది.

ఆమె అట్లా ఐదారుసార్లు వచ్చింది. ఎండు రొయ్యల పొడి గుడ్డు సొనలో గిలకొట్టి వడల్లాగా వేసి ఆ పులుసులోనే వదిలే ఇంకొకటి కూడా నేర్పింది. తరువాత వాళ్ళ దేశానికి పోయింది. ఉత్తరం రాస్తానంది. రాలేదు. మా పిన్‌కోడు నేనే తప్పు రాసిచ్చి ఉంటాను.

వానలు పోయింది ఆ తరువాతే. ఒక ఏడు కురవలేదంటే మేం పట్టించుకునే రకం కాదు, అలవాటే. రెండో ఏడు కూడా కురవలేదు. బోరు మోటారు నీళ్ళకు బదులు గాలి దగ్గడం మొదలుపెట్టింది. ఇంకొక బోరు వేయించాం. మూడంగుళాల నీళ్ళు పడ్డాయని బంధువులకు చెప్పుకున్నాను. పడింది మూడు బిందెలు. రిగ్గు లోపలి నుంచి తోడిపోసిన తెల్లటి రాతిపిండి మాత్రం తోటంతా ఎగిరి ఆకుల మీద కూర్చుంది. దాన్ని కడగడానికి నీళ్ళు లేవు, వాన రాలేదు. అది అట్లాగే ఉండిపోయింది.

నీళ్ళు చాలకపోతే చీనీ చెట్టు ముందు కాయల్ని వదిలేస్తుంది. మునిగే పడవలో సామాను విసిరినట్టు. పొద్దున లేచి చూస్తే చెట్టు చుట్టూ పచ్చి కాయలు, గోలీలంతవి, నిమ్మకాయలంతవి. మండీకి పనికిరావు. పశువులు ముట్టవు. మా ఆవిడ వాటిని కొంగులో ఏరుకొని వచ్చి గుమ్మం ముందు పోసింది.

"ఆ మెక్కెజొన్నామె ఇప్పుడు వచ్చింటే బాగుండు. కావల్సినన్ని ఉండాయి."

పారబోయడం మా ఇద్దరికీ చేత కాదు. అందుకని రొయ్యలు వండాం. మరుసటి వారం ఇంకా రాలాయి, ఇంకా వండాం. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ, కరువు ముదిరేకొద్దీ మా ఇంట్లో రొయ్యల కూర ఎక్కువైంది. మంచి కాపు కాసిన ఏడు పచ్చి కాయను తుంచడానికి చెయ్యి రాదు. ఎండిన ఏడు చెట్టే తెచ్చి ఇస్తుంది. చీనీ ఊరగాయ కూడా పెట్టి చూసింది మా ఆవిడ. చేదు విరగలేదు. ఆ రొయ్యల పులుసులోనే ఆ చేదు ఇమిడింది.

పక్క తోటాయనను మేమిద్దరం అన్నా అని పిలిచేవాళ్ళం. ఆయన చెట్లు మా వాటి కంటే ముందే వాడాయి. మధ్యాహ్నం పూట తన రొట్టె తాను తువ్వాలలో చుట్టుకొని వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు.

"ఏమప్పా, మెక్కెజొన్న రొయ్యలని ఊరంతా చెప్తివి. ఇందులో మెక్కెజొన్న యాడ?"

"అది పేరు, అన్నా. పేరుకు మాత్రమే."

ఆయన పులుసులో వేలు పెట్టి వెతికాడు. "రొయ్యలు గూడా పేరుకే ఉండాయి."

నిజమే. అప్పటికి పిడికెడు రొయ్యలు పడేచోట చిటికెడు పడుతున్నాయి. కొత్తిమీర ముందే పోయింది, మడికి పోసే నీళ్ళు ఎక్కడివి? తరువాత టమోటా పోయింది. ఆ తరువాత వేరుశనగ. మా కొండకింది చేలో విత్తిన విత్తనం విత్తినట్టే మట్టిలో మాడింది, వేయించిన విత్తనానికీ దానికీ తేడా తెలియలేదు. చివరికి మిరపకాయలు, నాలుగు రొయ్యలు, పచ్చి చీనీ రసం. అదే వంట. అన్న అదీ తినేవాడు. తిని, "బాగుండాదిమ్మా" అని మా ఆవిడకు చెప్పి, తన తోట వైపు తిరగకుండా రోడ్డు వైపు నడిచేవాడు. కొన్నాళ్ళకు ఆయన తోటలో పగటిపూట గొడ్డలి చప్పుడు మొదలైంది. కట్టె ఇటుకబట్టీలకు పోయింది. గొడ్డలి మా వైపు గాలిలో వినబడుతుంటే మేమిద్దరం ఏదో ఒకటి మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళం.

మేం మాత్రం అన్నీ ఒకేసారి వదల్లేదు. ట్యాంకరు నీళ్ళు తోలించాం. నూట ఎనభై చెట్లకు చాలవని తెలిసి ఇంటి దగ్గరి నాలుగు వరసలు పెట్టుకున్నాం. తరువాత ఒక వరస. తరువాత పన్నెండు చెట్లు. ఏది ఉండాలి, ఏది పోవాలి అని చెట్ల మధ్య తిరుగుతూ మా ఆవిడే చెప్పేది. నేను వెనక నడిచేవాణ్ణి. చివరికి ఒక్కటి మిగిలింది, బట్టలుతికే బండ పక్కనున్నది. మొదటి నుంచీ వాడిన నీళ్ళు తాగి పెరిగిన చెట్టు కాబట్టి దానికి మొండితనం ఎక్కువ.

మా ఆవిడ చెల్లెలు కదిరిలో ఉంటుంది. ఆ తోట వదిలేసి వచ్చెయ్యండి అని ఆమె రెండేళ్ళుగా కబురు పెడుతోంది. మా ఆవిడ ఒకటే మాట అనేది: "ఆ చెట్టు ఉన్నన్ని దినాలు మనకు తోట ఉండాది. అది పోతే పోదాం." నాకది ఒప్పందంలాగా ఉండేది. చెట్టు నిలిస్తే మేం నిలుస్తాం, ఒక్క వాన పడితే మళ్ళీ అంట్లు కట్టొచ్చు. చెట్టు పోతే నేను చీనీ రైతును కాదు, కదిరిలో ఎవరి ఇంట్లోనో అద్దెకున్న ముసలివాణ్ణి.

అందుకని ఇంట్లో చుక్క నీళ్ళు వృథా కాకుండా మా ఆవిడ ఒక కట్టుదిట్టం పెట్టింది. మొహం కడిగితే పళ్ళెంలో కడగాలి, ఆ నీళ్ళు చెట్టుకు. బియ్యం కడుగు చెట్టుకు. గిన్నెలు సబ్బుతో కాదు, బూడిదతో తోమాలి, ఆ నీళ్ళూ చెట్టుకే. ఒక్క రొయ్యలు కడిగిన నీళ్ళు మాత్రం వద్దు. అవి వేరే సత్తు తట్టలో పట్టి బాటలో దుమ్ము అణగడానికి చల్లాలి.

"అవి ఉప్పు నీళ్ళు. చెట్టు ఏరుకు తగిల్తే ఇంగ అంతే," అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. నాకు చెప్పలేదని, నేను వినలేదని అనడానికి లేదు.

ఆ ఎండాకాలం చెల్లెలికి జ్వరమని మా ఆవిడ కదిరికి పోయింది. నాలుగు రోజులు. పోయేముందు చెట్టు దగ్గర కాసేపు నిలబడి, ట్యాంకరు రేపు వస్తుందని చెప్పి బస్సెక్కింది. ట్యాంకరు రేపు రాలేదు. ఎల్లుండీ రాలేదు. దోవలో ఎవరో ఆపి తమ ఊరికి మళ్ళించుకున్నారని విన్నాను. వాళ్ళను మాత్రం ఏమనగలం, వాళ్ళకు తాగడానికి లేవు. మూడో రోజుకు నా దగ్గర ఒక బిందె మిగిలింది. చెట్టు ఆకులు కుక్క చెవుల్లాగా వేలాడాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం బస్సుకు ఆవిడ వస్తుంది. వచ్చేసరికి ఆ రొయ్యలు వండి పెట్టాలని నాకు బుద్ధి పుట్టింది. సంతోషపెడదామనే. ట్యాంకరు రాని సంగతి చెప్పడానికి ముందు కడుపులో ఏదన్నా పడితే మాట మెత్తగా దిగుతుందని కూడా. మూటలో మిగిలినవన్నీ తీసి, వేయించి, నానబెట్టాను. మామూలుగా నాలుగు నీళ్ళు మార్చాలి, మూడింటితో సరిపెట్టాను. తట్టలో ఆ నీళ్ళు బూడిదరంగులో, పైన చిన్న చిన్న కాళ్ళూ మీసాలూ తేలుతూ ఉన్నాయి.

తట్ట ఎత్తుకొని బాట వైపు బయలుదేరాను. బాటకు పోవాలంటే చెట్టు పక్క నుంచే పోవాలి.

అక్కడ నిలబడిపోయాను. బాటకు ఎందుకు నీళ్ళు? బాట బతకాల్సిన అవసరం ఏముంది? మనిషి ఉప్పు తిని బతకడం లేదా? ఒక్కసారికి ఏమవుతుంది? ఇట్లా నన్ను నేను ఒప్పించుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఇతరుల్ని నమ్మించి నమ్మించి ఆ పనిలో నాకు చెయ్యి తిరిగింది. వంగి చెట్టు మొదట్లో పోశాను. నేల గుటకేసినట్టు చప్పుడు చేసింది. మూడు రోజులుగా నేను వినని చప్పుడు. ఎంత హాయిగా ఉందంటే, తట్ట అడుగున మిగిలింది కూడా విదిలించి పోశాను.

ఆవిడ వచ్చింది. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు అడగలేదు, బిందె చూసింది. కూర్చుంది. పెట్టాను. తింటూ అడిగింది.

"కడిగిన నీళ్ళు యాడ పోస్తివి?"

"బాటలో."

గుమ్మంలోంచి బాట కనబడుతుంది. తెల్లగా, పొడిగా, దుమ్ము లేస్తూ ఉంది. ఆవిడ బాటను చూసింది. చెట్టును చూసింది. ఇంకొక రొట్టె పెట్టమంది.

ట్యాంకరు మరుసటి రోజు వచ్చింది. మామూలు కంటే రెండింతలు పోశాను. పది రోజుల్లో ఆకులన్నీ ముడుచుకొని, రాలకుండా, కొమ్మల మీదే ఎండిపోయాయి. ముట్టుకుంటే చేతిలో పొడయ్యాయి. తెగులని చెప్పాను. అన్న వచ్చి చూసి అవునేమో అన్నాడు. తరువాతి అమావాస్య దాటాక సామాను ఎత్తుకొని కదిరికి వచ్చేశాం. పోతూ పోతూ ఆ చెట్టు కొట్టుకోమంటావా అని అన్న అడిగితే, మా ఆవిడే "కొట్టుకోన్నా" అంది. నేను సామాను తాళ్ళు బిగిస్తున్నట్టు తల వంచుకున్నాను.

ఆ మరుసటి ఏడు వాన పడింది. పెద్ద వాన కాదు. ఒక్క చెట్టును నిలబెట్టడానికి చాలేంత.

ఇప్పుడు కదిరిలో ఒక నూనె మిల్లు వెనక ఒక గది, వంటకు ఒక మూల. తోటలో సర్కారు తుమ్మకంప మొలిచి, మా ఇంటి గుమ్మం ఎక్కడుందో వెతుక్కోవాలట. నేను పోలేదు. ఎండు రొయ్యలు సంతలో ఇంకా అమ్ముతారు. ఒకసారి కొనుక్కొచ్చాను. పచ్చి చీనీ లేదు, నిమ్మకాయ పిండి వండాను. ఇద్దరం సగం తిని వదిలేశాం.

ఆ నీళ్ళ సంగతి ఇన్నేళ్ళు లోపల పెట్టుకున్నాను. ఎక్కడ కూర్చొని ఎంత గొప్పలు చెప్పినా, చెప్పి లేచేటప్పుడు నేల గుటకేసిన ఆ చప్పుడు వినబడేది. ఒక తట్ట నీళ్ళతో తోటను, ఇంటిని, మా ఇద్దరి బతుకునూ చంపినవాణ్ణి నేను. ఇది పెంచి చెప్పడం లేదు.

ఇక్కడిదాకా రాసి, నిన్న మధ్యాహ్నం మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు. చాటలో బియ్యం పోసుకొని రాళ్ళేరుతూ వింది. సముద్రం దగ్గర ముక్కు ఎగబీల్చింది. నూట ఎనభై దగ్గర, "నూటా యాభై. మిగతావి నీ నోట్లో మొలిచినవి," అంది. తట్ట ఎత్తుకొని చెట్టు దగ్గర ఆగిన చోటికి వచ్చేసరికి కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకున్నాను. అక్కడి నుంచి మెల్లగా చదివాను. అయిపోయాక కాగితాలు మడిచి, తల ఎత్తకుండా కూర్చున్నాను.

"అయిపాయనా?"

"అయిపాయ."

"నువ్వు ఆడ పోసినావని నాకు ఆ దినమే తెలుసు. బాట ఎండి ఉండె గదా."

"మరి నన్నేంటికి తిట్టకపోతివి?"

"ఏంటికి తిట్టల్ల?" చాటలోంచి ఒక రాయి తీసి గుమ్మం బయటికి విసిరింది. "నేను బస్సెక్కేముందే చెట్టు బెరడు గోరుతో గీకి చూస్తి. లోపల పచ్చి ల్యాదు. మొదట్లో తడితే డొల్ల మాదిరి పలికె. పైన నాలుగాకులు ఏలాడ్తాంటే బతికుండాదని నువ్వనుకుంటివి."

"నాకు చెప్పల్ల గదమే!"

"చెప్తే ఏం చేస్తాంటివి? కట్టెకు ఇంగో ట్యాంకరు తోలిస్తాంటివి."

ఆవిడ చాట ఒడిలోంచి దించింది.

"మా చెల్లెలికి జరమూ లేదు, గిరమూ లేదు. ఈ రూము మాట్లాడేకి పోయింటి నేను. మాట్లాడి, తాళం చెవి కొంగున కట్టుకోనొచ్చి నీ రొయ్యలు తింటి. చెట్టును సంపినానంట, బతుకును సంపినానంట! తట్టెడు నీళ్ళతో తోటను సంపేంత మొనగానివి గాదులే నువ్వు. కాగితంలో ఆ మాట కొట్టెయ్."